నీళ్లు తోడేది ఆమె, నేల ఎవరి పేరున?

హజ్‌కు, ఉమ్రాకు వెళ్లిన ప్రతి ముస్లిమూ సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు నడుస్తాడు. పసిబిడ్డ దాహం తీర్చడానికి నీటిచుక్క కోసం పరుగెత్తిన ఒక తల్లి జ్ఞాపకమది. హజ్రత్ హాజిరా (అ.స.) పరుగు గురించి మనందరికీ తెలుసు. ఆ తరువాత జరిగినది మాత్రం మన ప్రసంగాలలో అంతగా వినిపించదు. జమ్‌జమ్ ఊట వెలువడిన తరువాత జుర్హుమ్ తెగవారు ఆ దారిన వచ్చారు. నీటిని చూసి, అక్కడ స్థిరపడటానికి ఆమె అనుమతి కోరారు. ఆమె అనుమతించారు. అయితే ఆ నీటిపై వారికి యాజమాన్య హక్కు ఉండదని షరతు పెట్టారు. వారు అందుకు ఒప్పుకున్నారు. సహీహ్ బుఖారీలో ఈ వృత్తాంతం నమోదై ఉంది. ఒంటరి స్త్రీ, ఒడిలో బిడ్డ, చుట్టూ నిర్జనమైన లోయ, ఎదుట ఒక తెగ. అయినప్పటికీ నీరు ఎవరిదనే ప్రశ్నకు జవాబు ఆమె నోటి నుంచే వచ్చింది. తెగ దానికి కట్టుబడింది.

ఈ వృత్తాంతంలో మొదటి సగాన్ని మనం ఇబాదత్‌లో నిలుపుకున్నాం. రెండవ సగాన్ని వదిలేశాం. నేడు ప్రపంచంలోని మెట్ట ప్రాంతాలన్నిటా నీటి కోసం పరుగెత్తేది స్త్రీయే. ఆ నీటితో ఎండిన నేలను పచ్చబరచేదీ ఆమే. పచ్చబడిన తరువాత ఆ నేల ఎవరిదని అడిగితే మాత్రం ఆమె పేరు ఎక్కడా కనిపించదు. నేలపై హక్కు రాసివ్వకుండా స్త్రీకి నీరు మాత్రమే ఇవ్వడం సగం మేలు కూడా కాదనీ, అనేక సందర్భాలలో అది ఆమె శ్రమను మరొకరి ఆస్తిగా మార్చే మార్గమవుతుందనీ ఈ వ్యాసం చెప్పదలచుకుంది. ఇందుకు పశ్చిమాఫ్రికాలోని ఒక చిన్న ముస్లిం దేశపు అనుభవం మనకు పాఠంగా ఉపయోగపడుతుంది.

వేరుశనగ దేశంలో ఆడవారి తోటలు

ఆ దేశం గాంబియా. విస్తీర్ణం సుమారు 11,300 చదరపు కిలోమీటర్లు. విభజనకు ముందటి మన అనంతపురం జిల్లా విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు. అంటే ఆ దేశమంతా కలిసినా మన పాత జిల్లా ఒకటి కంటే చిన్నది. జనాభాలో అత్యధికులు ముస్లింలు. అనంతపురం మాదిరే అక్కడి రైతు కూడా తరతరాలుగా వేరుశనగను నమ్ముకున్నాడు. వాన జూన్ నుంచి అక్టోబరు వరకే. మిగిలిన ఏడెనిమిది నెలలూ ఎండే. వేరుశనగ పురుషుల పంట, చిత్తడి నేలల్లో పండే వరి స్త్రీల పంట అన్న పని విభజన మండింకా పల్లెల్లో బలంగా ఉండేది.

1960ల చివర మొదలైన సాహెల్ కరవు ఈ లెక్కను తలకిందులు చేసింది. వానలు తగ్గాయి. వరి మళ్లు ఎండాయి. వేరుశనగ రాబడి కుంగింది. ఆ దశలో నది ఉత్తర తీరంలోని కెరెవాన్ వంటి ఊళ్లలో స్త్రీలు ఒక దారి వెతుక్కున్నారు. పల్లపు నేలల్లో చేతులతో బావులు తవ్వి, చుట్టూ కంచె కట్టి, వానల్లేని నెలల్లో ఉల్లి, టమోటా, క్యాబేజీ, వంకాయ, మిరప సాగు చేశారు. ఆ స్థలం ఒక్కరిది కాదు. పదుల సంఖ్యలో స్త్రీలు ఒకే కంచెలోపల తలా కొన్ని మళ్లు పంచుకునేవారు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తాడూ బకెట్టూ పట్టుకుని నీళ్లు తోడి మడిమడికీ పోసేవారు.

ఫలితం ఆ ఊళ్లు ఊహించనంత గట్టిగా వచ్చింది. ఎందరో స్త్రీల తోట సంపాదన భర్త వేరుశనగ సంపాదనను దాటింది. ఇంటికి బియ్యం, పిల్లలకు బట్టలు, బడి ఫీజులు, పండుగ ఖర్చులు ఆ తోటల నుంచే రాసాగాయి. భర్తలు భార్యల దగ్గర అప్పు తీసుకునే రోజులొచ్చాయి. ఆడవాళ్లు రోజంతా తోటలోనే గడుపుతున్నారని, తోటే వారికి రెండో మొగుడైందని మగవాళ్లు ఎగతాళి చేసేవారట. 1980లలో విదేశీ సహాయ సంస్థలు ఈ తోటలను గుర్తించి సిమెంటు ఒరల బావులకూ, ఇనుప కంచెలకూ నిధులిచ్చాయి. అంతవరకు ఇది అందరూ చెప్పుకునే విజయగాథే.

చెట్టు నాటినవాడిదే నేల

అసలు సంగతి ఆ తరువాత మొదలైంది. ఆ నేల స్త్రీలది కాదు. ఊరిని స్థాపించిన వంశాల పెద్దమగవారిది. పనికిరాని నేలగా ఉన్నంతకాలం స్త్రీలు వాడుకుంటామంటే ఎవరూ అడ్డు చెప్పలేదు. బావులు, కంచెలు, ఎరువుతో బలపడిన మట్టి వచ్చేసరికి ఆ నేలకు విలువ వచ్చింది. అక్కడి ఆచారం ప్రకారం చెట్టు నాటడమంటే నేలపై శాశ్వత హక్కు చాటుకోవడమే. అందుకే భూస్వాములు స్త్రీలను చెట్లు నాటనివ్వలేదు. తామే వచ్చి కూరగాయల మళ్ల మధ్య మామిడి, నారింజ మొక్కలు నాటించారు. పర్యావరణ పరిరక్షణ పేరిట సహాయ సంస్థలు కూడా వృక్షాల పెంపకానికి డబ్బు కుమ్మరించసాగాయి. కొన్నిచోట్ల ఆ మొక్కలకు నీళ్లు పోయడమే తోటలో కొనసాగేందుకు షరతుగా మారింది.

ఇందులోని కిటుకు గమనించండి. మామిడి మొక్కకు వేరుగా నీళ్లు పోయనక్కర లేదు. ఉల్లి మడికి పోసిన నీరే దాని వేరుకూ అందుతుంది. స్త్రీ తన పంటకు తోడిన ప్రతి బకెట్టూ భూస్వామి చెట్టును కూడా పెంచింది. కొన్నేళ్లకు ఆ చెట్టు గొడుగు విప్పింది. ఎండ తగలని మడిలో ఉల్లి ఊరదు, టమోటా కాయదు. అలా ఆమె పోసిన నీటితో పెరిగిన నీడే ఆమెను తోట నుంచి సాగనంపింది. స్త్రీలు మౌనంగా ఊరుకోలేదు. కొందరు కొమ్మలు నరికారు, కొందరు మొక్కలను ఎండనిచ్చారు. కొన్ని తగాదాలు కోర్టుల దాకా వెళ్లాయి. అమెరికన్ భౌగోళిక శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ష్రోడర్ ఈ ఊళ్లలో ఉండి పరిశోధించి, 1999లో ప్రచురించిన గ్రంథంలో ఈ చరిత్రనంతా నమోదు చేశారు.

ఇది ఒక్క ఊరి దుర్ఘటన అనుకుంటే పొరపాటు. అదే దేశంలో 1984లో ప్రారంభమైన జహాలీ-పచార్ వరి పథకం కూడా ఈ పాఠాన్నే చెబుతుంది. పంపులతో నీరందించి ఏడాదికి రెండు పంటలు పండించాలన్నది ఆ పథకం ఉద్దేశం. వరి స్త్రీల పంట గనుక మళ్లను స్త్రీల పేరిట నమోదు చేయాలని దాతలు పట్టుబట్టారు. కాగితం మీద అలాగే జరిగింది. అయితే మండింకా ఆచారంలో భూమి రెండు రకాలు. వ్యక్తి సొంతంగా పండించుకుని రాబడి తానే ఉంచుకునేది 'కమన్యాంగో'. ఇంటిపెద్ద అజమాయిషీలో అందరూ పనిచేసేది 'మరువో'. పథకం కింది మళ్లన్నీ ఇంటి భూమేనంటూ పురుషులు వాటిని రెండవ కోవలోకి మార్చుకున్నారు. పేరు ఆమెది, ధాన్యం ఇంటిపెద్దది, రెండు పంటల చాకిరీ మాత్రం ఆమెది. పరిశోధకురాలు జుడిత్ కార్నీ దీనిని వివరంగా రాశారు. పేరు నమోదు కావడం అవసరమే. రాబడిపై అధికారం కూడా దానితో రాకపోతే ఆ నమోదు ఉత్త సంతకంగానే మిగులుతుంది.

మన మెట్ట సీమలో

గాంబియా గురించి చదువుతుంటే రాయలసీమ పాఠకుడికి పరాయి దేశం కథ విన్నట్టు అనిపించదు. దేశంలోనే అతి తక్కువ వర్షపాతం గల జిల్లాలలో అనంతపురం ఒకటి. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల చేరువలో ఉంటుంది. వేరుశనగ, ఎండిన బోర్లు, బెంగళూరుకు వలసలు ఇక్కడ నిత్యజీవితం. కదిరి, హిందూపురం, గుత్తి, తాడిపత్రి పరిసరాల పల్లెల్లో నివసించే ముస్లిం కుటుంబాలలో చాలామందికి సెంటు సాగుభూమి లేదు. కుట్టుపని, పరుపుల పని, పండ్ల బండి, మెకానిక్ షెడ్డు, కూలి వారి జీవనాధారాలు. దేశవ్యాప్తంగా ఇతర వర్గాలతో పోలిస్తే ముస్లిం శ్రామికులలో వ్యవసాయం చేసేవారి వాటా తక్కువని, ముస్లిం స్త్రీలలో ఇంటి పట్టున ఉండి చేసే పనులవారు ఎక్కువని 2006లో సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది.

ఇలాంటి ఇళ్లలోని స్త్రీలు పదిమంది కలిసి కూరగాయల తోట వేసుకోవాలనుకున్నారనుకుందాం. వారికి నీరెక్కడిది? జల్ జీవన్ మిషన్ లక్ష్యం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275 లీటర్లు. వేసవిలో కూరగాయల మడికి చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 లీటర్లు కావాలి. రెండున్నర సెంట్ల తోట, అంటే వంద చదరపు మీటర్లు, రోజుకు 500 లీటర్లు తాగుతుంది. పదిహేను లీటర్ల బిందెతో లెక్కేస్తే ముప్పైమూడు బిందెలు. కొళాయి సవ్యంగా వచ్చిన రోజున ఇల్లంతటికీ అందే నీటికి అది దాదాపు రెట్టింపు. కనుక తాగునీటి పథకం తోటను బతికించలేదు. దానికి బావో బోరో కావాలి.

మన చట్టంలో బోరు నీరు భూమిని అంటిపెట్టుకుని ఉంటుంది. నేల ఎవరిదో, అడుగున ఉన్న నీరు వాడుకునే హక్కూ వారిదే. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం నుంచి వస్తున్న సూత్రమిది. 2002లో వచ్చిన 'వాల్టా' చట్టం కొత్త బోర్లకు అనుమతి తప్పనిసరి చేసింది గాని, భూమిలేనివారికి భూగర్భజలంలో వాటా ఇవ్వలేదు. బిందు సేద్యం రాయితీకి దరఖాస్తు చేయాలన్నా ముందు అడిగేది పట్టాదారు పాసుపుస్తకమే. పాసుపుస్తకం లేని స్త్రీకి బోరు లేదు, డ్రిప్పు లేదు, పంట రుణం లేదు. కౌలుదారుల కోసం 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు పొందాలన్నా భూ యజమాని సంతకం పెట్టాలి. అదీ పదకొండు నెలలకే. భూమి లేకపోవడమంటే నీరు లేకపోవడమేనని ఈ కాగితాలన్నీ ఒకే మాటగా చెబుతున్నాయి.

మన ఇంటి లెక్క

ఇంతవరకు ప్రభుత్వాన్ని ప్రశ్నించాం. ఇప్పుడు మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. భూమి ఉన్న ముస్లిం కుటుంబాలు కొద్దో గొప్పో ఉన్నాయి. ఆ ఇళ్లలో కూతుళ్ల వాటా ఏమైంది?

తల్లిదండ్రులు వదిలిన ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అందులో పురుషులకూ వాటా ఉంది, స్త్రీలకూ వాటా ఉంది అని సూరా అన్-నిసా ఏడవ ఆయత్ నిర్దేశిస్తుంది. సాగుభూమిని అందులోంచి మినహాయించలేదు. 1937 నాటి షరీయత్ అనువర్తన చట్టం మాత్రం వ్యవసాయ భూమిని తన పరిధి నుంచి తప్పించింది. ఆ మినహాయింపును మద్రాసు రాష్ట్రం 1949లో తొలగించింది. నాడు రాయలసీమ, కోస్తా జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. అంటే ఈ ప్రాంతపు ముస్లిం ఆడబిడ్డకు పొలంలో వాటా మతం ప్రకారమూ ఉంది, డెబ్బయి అయిదేళ్లకు పైగా చట్టం ప్రకారమూ ఉంది. లేనిది పాసుపుస్తకంలో మాత్రమే.

దీనికి మన పెద్దలు రెండు జవాబులు చెబుతుంటారు. పెళ్లికి ఖర్చు పెట్టాం గనుక ఆమె వాటా తీరిపోయిందన్నది ఒకటి. మహర్ ముట్టింది కదా అన్న మాటను కూడా దీనికే జతచేస్తారు. కాని మహర్ భర్త చెల్లించేది. తండ్రి పొలానికీ దానికీ సంబంధమేమిటి? కట్నానికి షరీయత్‌లో స్థానమే లేదు. లేని ఆచారానికి పెట్టిన ఖర్చును ఉన్న హక్కులోంచి కోసుకోవడం ఏ ఫిఖ్‌హ్ ప్రకారం న్యాయం? అక్కచెల్లెళ్లు ఇష్టపూర్వకంగానే హక్కు వదులుకున్నారన్నది రెండవ జవాబు. తండ్రి జనాజా లేచిన ఇంట్లో, అన్నదమ్ములు కాగితం చేతికిచ్చి కలం అందించినప్పుడు, రేపు పుట్టింటి గడప తొక్కాలంటే సంతకం చేయక తప్పదని తెలిసిన స్త్రీ పెట్టే సంతకాన్ని ఇష్టమనగలమా? ముందు భూమిని ఆమె పేరిట మార్చి, పాసుపుస్తకం ఆమె చేతిలో పెట్టండి. ఆ తరువాత ఏడాదికి ఆమె తనంతట తాను అన్నకు బహుమతిగా ఇస్తే అప్పుడు దానిని ఇష్టమందాం.

మన మస్జిదులలో వడ్డీ గురించి ఖుత్బాలు వింటాం. అది అవసరమే. ఆడబిడ్డ వాటా గురించి ఏడాదికి ఎన్ని ఖుత్బాలు వింటున్నామో ఎవరికి వారు లెక్క వేసుకోవాలి.

వక్ఫ్ భూమి, మూడేళ్ల గడువు

వారసత్వ హక్కు భూమి ఉన్న ఇంటికి పనికొస్తుంది. అసలు భూమే లేని ఇళ్ల సంగతేమిటి? తెలంగాణలో 2014లో ప్రకటించిన దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం లక్ష్యానికి చాలా దూరంలోనే ఆగిపోయింది. అయినా అందులో గుర్తుంచుకోదగిన సూత్రాలు రెండున్నాయి. పట్టా స్త్రీ పేరున ఇవ్వడం ఒకటి, భూమితోపాటు నీటి వసతికీ తొలి పంటకూ సాయం చేయడం మరొకటి. జహీరాబాద్ మెట్టల్లో దళిత స్త్రీల సంఘాలు బీడు భూములను ఉమ్మడిగా సాగులోకి తెచ్చి చిరుధాన్యాలు పండించిన అనుభవం మన కళ్ల ముందే ఉంది. భూమిలేని ముస్లిం స్త్రీల కోసం ఇలాంటి ప్రయత్నం ఏ ప్రభుత్వమూ చేయలేదు. ఆ డిమాండును మనమూ గట్టిగా పెట్టలేదు.

ప్రభుత్వ భూమి వచ్చేదాకా ఆగనక్కర లేదు. రెండు రాష్ట్రాలలోనూ దర్గాల, మస్జిదుల, ఆషూర్‌ఖానాల కింద వక్ఫ్ సాగుభూములున్నాయి. వాటిలో ఎంత భాగం అన్యాక్రాంతమైందో, ఎంత భాగం నామమాత్రపు కౌలుకు పలుకుబడిగలవారి చేతిలో ఉందో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కర లేదు. మిగిలిన భూమిలో కొంతైనా పేద స్త్రీల ఉమ్మడి తోటలకు ఎందుకు కేటాయించకూడదు? వక్ఫ్ ఉద్దేశమే నిరుపేదల మేలు. మదీనాలో రూమా బావిని కొని అందరికీ వదిలిన హజ్రత్ ఉస్మాన్ (ర.అ.) సంప్రదాయం మనది.

ఇక్కడ చట్టం తెచ్చిన చిక్కు ఒకటుంది. 2013లో సవరించిన వక్ఫ్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం వాణిజ్యం, విద్య, వైద్యం కోసమైతే ముప్పై ఏళ్ల దాకా కౌలుకు ఇవ్వవచ్చు. వ్యవసాయ భూమి మాత్రం మూడేళ్లు దాటితే చెల్లదు. అక్రమ కౌళ్లను అరికట్టాలన్న ఉద్దేశం మంచిదే. కాని బీడును తోటగా మార్చే స్త్రీలకు మూడేళ్లంటే ఏమిటి? మొదటి ఏడు రాళ్లు ఏరడానికి, కంచెకు సరిపోతుంది. రెండవ ఏడు మట్టి కుదుటపడుతుంది. మూడవ ఏడు పంట చేతికందేసరికి గడువు ముగిసి భూమి మళ్లీ వేలానికి వస్తుంది. పచ్చబడిన భూమికి పాట కూడా పెరుగుతుంది. ఆమె పెంచిన విలువే ఆమెను పాటలో ఓడిస్తుంది. కెరెవాన్‌లో మామిడి నీడ చేసిన పనిని ఇక్కడ వేలంపాట చేస్తుంది.

అడగవలసినవి, చేయవలసినవి

భూమిలేని స్త్రీల సంఘాలు సాగు చేసే వక్ఫ్ భూములకు మూడేళ్ల పరిమితిని సడలించి, కనీసం పదేళ్ల కౌలుకు వీలు కల్పించేలా చట్టాన్ని సవరించాలని మన సంస్థలు పార్లమెంటు సభ్యులను కోరాలి. అది జరిగేలోపు, గడువు ముగిసినప్పుడు భూమిని బాగుచేసిన సంఘానికి తొలి అవకాశం ఇవ్వాలనీ, అది కుదరనప్పుడు బావికీ కంచెకూ అయిన ఖర్చును కొత్త కౌలుదారు నుంచి ఇప్పించాలనీ వక్ఫ్ బోర్డులపై ఒత్తిడి తేవాలి.

బోరు అనుమతికీ, డ్రిప్పు రాయితీకీ పాసుపుస్తకం బదులు స్త్రీల సంఘం పేరిట ఉన్న కౌలు పత్రాన్ని అంగీకరించాలని ప్రభుత్వాలను అడగాలి. డ్వాక్రా సంఘాలకు పూచీకత్తు లేకుండా అప్పులిస్తున్న వ్యవస్థకు, అదే సంఘానికి నీరివ్వడం అసాధ్యం కాదు.

తోటలకు నిధులిచ్చే దాతలు, జకాత్ కమిటీలు, స్వచ్ఛంద సంస్థలు మోటారు కొనేముందు ఒక కాగితం రాయించుకోవాలి. భూమి ఎన్నేళ్లు? చెట్లు ఎవరు నాటవచ్చు, నాటితే ఫలసాయం ఎవరిది? మోటారు, పైపులు, కంచె ఎవరి ఆస్తి? రాబడిని ఖర్చుచేసే అధికారం ఎవరిది? సంఘం వెళ్లిపోవలసివస్తే ఏం తీసుకుపోవచ్చు? ఈ ఐదు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు లేని తోటకు డబ్బు పెట్టడమంటే భూయజమానికి ఉచితంగా బోరు వేయించి ఇవ్వడమే. చెట్లకు నేను వ్యతిరేకిని కాను. మెట్టకు నీడ కావాలి. ఆ నీడ ఎవరి పేరున పెరుగుతుందన్నదే నా ప్రశ్న.

ఇక మస్జిద్ కమిటీలు, ముతవల్లీలు తమ పరిధిలో ఈ నెలలోనే చేయగలిగిన పనులున్నాయి. ఊరిలో వక్ఫ్ భూమి ఎంతుందో, ఎవరు సాగు చేస్తున్నారో, కౌలు ఎంత వస్తున్నదో రాసి మస్జిద్ గోడకు అంటించవచ్చు. ఆ లెక్క చూసే కమిటీలో ఇద్దరు స్త్రీలను చేర్చుకోవచ్చు. జనాజా అయిన నలభై రోజులకు విందు ఏర్పాట్లు మాట్లాడుకునే ముందు, ఆ ఇంటి ఆడబిడ్డల వాటా రెవెన్యూ రికార్డుకు ఎక్కిందా అని ఇమామ్ సాహెబ్ ఒక మాట అడగవచ్చు.

హాజిరా (అ.స.) ముందు నిలిచిన జుర్హుమ్ తెగవారికి ఏ చట్టమూ అడ్డు లేదు. బలముంది, జనముంది. ఆ ఊటను వారు లాక్కోగలిగేవారే. అయినా అడిగారు, ఆమె పెట్టిన షరతుకు తలవంచారు. ఆ పాటి మర్యాద మన ఊరి బావి దగ్గర, మన ఇంటి పొలం గట్టు మీద మనం పాటిస్తున్నామా?